మైకు మెడ వాలకుండవలెనన్న



ఈయేటి శ్రీరామనవమి పందిటిలో జరిగిన యొక చిన్నసంగతి మా మనస్సును నేటికిని విడువకున్నది. ఆ సాయంకాలము మాయూరి స్త్రీలము కొందరము కలసి పురాణ కాలక్షేప మేర్పాటు చేసితిమి. డెబ్బదియేండ్లు దాటిన యొక పెద్దమ్మగారు, పుట్టి యెన్నడును సభలో నోరు విప్పనివారు, మొల్ల రామాయణమును గూర్చి ముచ్చటించుట కంగీకరించిరి. నెలనాళ్లు పద్యములు వల్లించుకొనిరి. తీరా వేదికపై నిలిచి, నమస్కరించి, మొదటి పద్యము సగము చదువునప్పటికి మైకు మెల్లగా తల వాల్చెను. ఆమెయు దానితోపాటు వంగిరి. మైకుసెట్టతను వచ్చి దానిని నిలబెట్టి పోయెను. రెండవ పద్యమునకు మరల వాలెను. ఈసారి యతడు చేతిగుడ్డ తీసి దాని మెడకు చుట్టి బిగించెను. మూడవ పర్యాయము అది వాలి యూరకుండలేదు. హోల్డరుతో సహా ఊడి ముందున్న హార్మోనియముపై దబ్బున పడెను. స్పీకర్లలో పిడుగు పడినట్లయి పసిబిడ్డలు కెవ్వుమనిరి. పెద్దలు నవ్విరి. నవ్వినవారిలో మేమును గలమని యొప్పుకొనక తప్పదు.

ఆమె "ఇక చాలులెండమ్మా" అని పుస్తకము మూసి దిగిపోయిరి. మరునాడు మేము వారింటికి పోయి యెంత బతిమాలినను, "నా గొంతు మైకుకు సరిపడదమ్మా, ఊరకుండుడు" అనిరి.

గొంతు సరిపడకపోవుట యేమి! సరిపడనిది మర. ఆ సంగతి మాకు ఆనాటి మధ్యాహ్నమే తెలిసినది. స్టాండును హోల్డరును ఇంకను గుడిమండపముననే యుండెను. మా యింటివారి నడిగి బడిలోని కొలబద్ద తెచ్చుకొని, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని పోయి, తీరికగా కూర్చుండి విప్పిచూచితిమి. యంత్రవిద్య మాకు రాదు. కాని జాడీకి మూతయు, కత్తిపీటకు అలుగును బిగియునో బిగియదో చూచుట కే విద్యయు నక్కరలేదుకదా.

ముందు తెలిసికొనవలసిన దేమనగా, మైకు వాలుట వేఱు, ఊడుట వేఱు. రెండును ఒక్కచోటి దోషములు కావు. మైకు దూర్చు హోల్డరునకు క్రిందిభాగమున ఒక కీలున్నది. మైకును పైకి క్రిందికి వంచుకొనుటకై ఆ కీలు పెట్టిరి. ఆ కీలులోని మర వదులైనచో మైకు తల వాల్చును. దానికి చేతితో త్రిప్పుటకు రెక్కలైనను, స్క్రూడ్రైవరు ఆనించుటకు గాడియైనను ఉండును. అర చుట్టు త్రిప్పిన చాలును. ఆనాడు మొదటి రెండుమారులు జరిగిన దిదియే. మైకుసెట్టతనికి అర నిమిషము పట్టెడు పని. ఊడుట మాత్రము అంతకు క్రింద, హోల్డరు స్టాండుకమ్మితో కలియు చోట పుట్టినది. అసలు కథ యిక్కడ నున్నది.

స్టాండు కొనయందలి మరకు లోకమున రెండు కొలతలు ముఖ్యముగా వాడుకలో నున్నవి. ఒకటి అడ్డుకొలత 5/8 అంగుళము, అంగుళమునకు 27 చుట్లు. ఇది అమెరికావారి పద్ధతి. రెండవది 3/8 అంగుళము, అంగుళమునకు 16 చుట్లు. ఇది ఐరోపాలో హెచ్చుగా కనబడును. మిల్లీమీటర్లలో చెప్పినచో మొదటిది దాదాపు 16, రెండవది తొమ్మిదిన్నర. కొలబద్ద లేకున్నను గుర్తింపవచ్చును: ఒకటి ఉంగరపువ్రేలంత లావు, రెండవది చిటికెనవ్రేలికంటె సన్నము. మన అంగళ్లలో ఈ రెండు తెగలును దొరకును. హోల్డరులో సాధారణముగా పెద్దకొలత రంధ్రమే యుండును. సన్నకమ్మి స్టాండునకు దానిని పెట్టుటకై లోపలను వెలుపలను మరచుట్లున్న ఇత్తడి బిళ్ల యొకటి హోల్డరుతోనే యిత్తురు. దానిని అడాప్టరందురు. చూచుటకు ముక్కుపుడక సీలవలె నల్పమైనది. హోల్డరును ఒక స్టాండునుండి తీసి మఱియొక స్టాండునకు పెట్టునపుడు ఈ బిళ్ల పాతకమ్మినే పట్టుకొని యుండిపోవును. ఎవరును చూడరు. తరువాత సన్నకమ్మిపై పెద్దరంధ్రము బోర్లించినచో, చుట్టును చుట్టును కలియక, హోల్డరు కమ్మిమీద టోపీవలె నూరక కూర్చుండును. మా స్టాండుకమ్మిని కొలువగా 3/8. హోల్డరు రంధ్రము 5/8. నడుమ నుండవలసిన బిళ్ల లేదు. దానికి బదులుగా మడచిన కాగితమును, కొంత దారమును, ఆపై మొన్నటి చేతిగుడ్డ పీలికయు నుండెను!

కాగితము దూర్చిన యాతని తప్పుపట్టుట కేమి, మనమును కత్తిపీట యలుగు వదులైనచో చీలిక దూర్చి కొట్టుదుము. అక్కడ కఱ్ఱ చీలికను పట్టుకొనును. ఇక్కడ ఇనుమునకు ప్లాస్టిక్కునకు నడుమనున్న గుడ్డకు పట్టెక్కడిది? మనిషి మాటాడుచు స్టాండును తాకినప్పుడెల్ల ఇంచుకంత సడలి, పావుగంటలో వదిలిపోవును. పైగా హోల్డరు లోపలి చుట్లు ప్లాస్టిక్కువి గనుక అరగిపోయి, రేపు సరియైన బిళ్ల తెచ్చినను పట్టదు. ఆ బిళ్లలు సంగీతవాద్యములమ్ము అంగళ్లలోను, సౌండుసామగ్రి అమ్మువారియొద్దను దొరకును. మేము రెండు తెచ్చి యొకటి గుడియందును, రెండవది మా కుట్టుపెట్టెలో హుక్కులతోపాటును ఉంచితిమి.

ఇక బిగించుట. మైకును హోల్డరులో పెట్టి, వైరు తగిలించి, ఆ మొత్తమును గిరగిర త్రిప్పుచు స్టాండునకు బిగింతురు కొందరు. వైరు పురిపడి, సభ నడుమ ఆ పురి విడిపోవుచు హోల్డరును తనతో వెనుకకు త్రిప్పును. వట్టి హోల్డరును ముందు బిగించి, పిదప మైకును దూర్చుట మేలు. చుట్టు మొదలుపెట్టునపుడు హోల్డరును కమ్మిమీద నిటారుగ నుంచి, మొదట ఎడమవైపునకు మెల్లగా త్రిప్పవలెను. ఒకచోట చిన్నగా దిగినట్లు వ్రేళ్లకు తెలియును. అప్పుడు కుడివైపునకు త్రిప్పినచో చుట్టు తిన్నగా పట్టును. ఊరగాయసీసా మూత అడ్డముగ పడినపుడు మనము చేయు పనియే యిది. ఏ పుస్తకముననో చదివి నేర్చినది కాదు. చేతికి బిగువు తెలిసిన తరువాత పట్టకారుతో బలము చూపకూడదు, ప్లాస్టిక్కు పగులును.

హోల్డరు మైకునకు తగినదియై యుండుట మఱియొకటి. వైరుమైకు సన్నము. వైరులేని మైకు లోపల బ్యాటరీ యుండుటచే లావు. లావుమైకు హోల్డరులో సన్నమైకును పెట్టినచో జారును, సన్నదానిలో లావుమైకును క్రుక్కినచో హోల్డరు నెఱ్ఱెవిచ్చును. షూర్ అను అమెరికా సంస్థవారు 1966లో వెలువరించిన ఎస్.ఎం.58 అను వైరుమైకు నేటికిని ప్రపంచమంతట వేదికలపై నున్నది. దాని తూకము 298 గ్రాములు, అనగా ఒక మోస్తరు మామిడిపండంత. ఇట్టి చేతిమైకులు పెక్కు నించుమించుగ ఈ తూకమువే. అంత పండును వట్టి కాగితపు పట్టుపై వ్రేలాడదీసి, దానిక్రింద మనుష్యులను గూర్చుండబెట్టుదుమా?

తాపీగా కూర్చుండి పాడు భజనమేళమునకు బూమ్‌స్టాండు, అనగా అడ్డచేయి గలది, వాడుదురు. ఇందు బరువు చేయి చివరనుండును గనుక స్టాండు ఒరిగిపడు భయ మెక్కువ. ఉపాయము మాత్రము సులువు. మూడుకాళ్లను పూర్తిగా చాచి, వానిలో నొక కాలు సరిగా అడ్డచేతి క్రిందుగా, చేయి చాచిన దిక్కునకే వచ్చునట్లు నిలుపవలెను. రెండు కాళ్ల నడిమి సందువైపునకు చేయి చాచినచో పిల్లవాడు తగిలినను పడును. చేతిని అక్కరకు మించి పొడిగింపరాదు. అప్పటికిని నమ్మకము చాలకున్నచో ఇసుకసంచి నొకదానిని కాళ్లపై వేయవచ్చును. పందిళ్లలో ఇసుకకు కరవా!

వైరును గూర్చి యొక్కమాట. మైకునుండి వచ్చు వైరును స్టాండుకమ్మికి ఒకటి రెండు చుట్లు వదులుగ చుట్టి, మొదట కొంత కుండలిగ నేలపై వదలి, ఆపైన చాపక్రిందుగా గాని టేపు అంటించి గాని దూరమునకు పోనీయవలెను. అప్పుడు పిల్లలెవరైన వైరు తట్టుకొన్నను ఆ కుండలి సాగునుగాని స్టాండు లాగబడదు. హారతిపళ్లెము పట్టుకొని చీరకుచ్చెళ్లతో నడచువారమగు మనకు ఇది మఱింత యవసరము.

బల్లమీది చిన్నస్టాండు పెట్టుకొన్నచో మన గాజులు శత్రువులు. మాటలాడుచు బల్లపై చేయి వేసినంతనే ఆ చప్పుడు కఱ్ఱద్వారా స్టాండునకును, స్టాండుద్వారా మైకునకును ఎక్కి స్పీకర్లలో డోలువలె మ్రోగును. స్టాండుక్రింద నాలుగు మడతలు వేసిన తుండుగుడ్డ పఱచిన చాలవఱకు తగ్గును. ఇది పాతబాధయే. తొలినాళ్ల రేడియో మైకులను గుండ్రని చట్రము నడుమ స్ప్రింగులతో వ్రేలాడదీసెడివారు. పాతచిత్రములలో సాలెగూటి నడుమ సాలీడువలె కనబడునది అదియే. నేలయదురు మైకును చేరకుండుటకే ఆ ఏర్పాటు.

ఇవన్నియు చేయుటకుముందు చేతులు తడిలేకుండ తుడుచుకొనవలెను. మైకును తాకినపుడు గాని పెదవి సోకినపుడు గాని జివ్వుమన్నచో, "ఏమో అనుకొంటిమి" అని యూరకుండరాదు. ఆంప్లిఫయరునకు ఎర్తు సరిగా లేనప్పుడు మైకు లోహమునకు విద్యుత్తు రావచ్చును. తడినేల పందిటిలో అది ప్రాణములమీదికి తెచ్చును. వెంటనే దూరముగా జరిగి, ప్లగ్గువద్ద కరెంటు తీయించి, మూడుపిన్నుల ప్లగ్గును ఎర్తును సరిచూచువఱకు ఆ మైకును ముట్టనీయకూడదు. కార్యక్రమ మాగినను సరే. ఈ విషయమున మొగమాట మక్కరలేదు.

ఇంతకును మైకుల మెడలు వదులగుట కొక కారణము మనమే. సభలలో ముందుగా మాటలాడువారు పురుషులు. వారి యెత్తునకు మైకును నిలిపి పోవుదురు. తరువాత వచ్చిన మనము గడ్డమెత్తి, మడమలపై లేచి, ఆకాశమును జూచుచు మాటలాడుదుము. లేదా మైకును మెడపట్టి క్రిందికి వంతుము. అట్లు వంచి వంచియే కీలు సడలును. స్టాండు నడుమనున్న పట్టును ఎడమకు త్రిప్పి వదులుచేసి, లోపలికమ్మిని దించి, మరల కుడికి త్రిప్పి బిగించుకొనుట పది లెక్కించునంతలో నగును. మైకు నోటికి నాలుగువ్రేళ్ల దూరమున, గడ్డమునకు సూటిగా నుండి కొంచెము పైకి చూడవలెను. అంతవఱకు సభ యోపికపట్టును. పురుషులు కండువా సవరించుకొను నంతసేపును సభ యోపికపట్టుచునే యున్నదికదా! సరిచూచుకొనుటకు మైకులోనికి ఊదుటయు, వ్రేలితో టకటక కొట్టుటయు మాని, ఒక మాట పలికిన చాలును.

మొన్న శ్రావణశుక్రవారపు పేరంటమునకు పోయినపుడు, స్టాండును హోల్డరును బిళ్లను సంచిలో వేసికొని, ఆ పెద్దమ్మగారింటికిని పోయితిమి. తాంబూలము పుచ్చుకొన్న పిదప వానిని వారి ముందర పెట్టి, బిళ్ల లేకుండ నొకసారి, బిళ్లతో నొకసారి బిగించి చూపితిమి. వారు నవ్వలేదు. కళ్లద్దాలు పెట్టుకొని, బిళ్లను అరచేతిలో త్రిప్పి త్రిప్పి చూచి, తామే స్వయముగా బిగించి, కమ్మిని పట్టుకొని మా కంటె గట్టిగా కుదిపిరి. హోల్డరు కదలలేదు.

"ఆనాడు ఇది లేకపోయినదన్నమాట" అనిరి.

"లేకపోయినది, అత్తయ్యగారూ" అంటిమి.

కొంతసేపటికి, "నిలుచుండి చదువలేను. మోకాళ్లు సహింపవు. కూర్చుండుటకు తగినట్లు దించగలరా?" అని యడిగిరి. నిలువుస్టాండు సాధారణముగ అంత క్రిందికి దిగదు. అడ్డచేయి గలదానిని తెచ్చెదమని చెప్పి, వారిని పీటమీద కూర్చుండబెట్టి, నేలనుండి నోటియెత్తు కొలబద్దతో కొలిచితిమి. 23 అంగుళములు. కార్తికపౌర్ణమి సభకు వారి పేరు వ్రాసికొని, పేరుప్రక్కనే ఆ లెక్కయు వేసికొంటిమి.