ప్రేమ నేరం కాదు, ఎక్కువ తక్కువలే నేరం

అల్లూరి సీతారామరాజు 1924లో కొయ్యూరు దగ్గర తుపాకీ గుండ్లకు బలైండు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ఒరిగిండు. ఇద్దరూ కలిసిన దాఖలా చరిత్రలో లేదు. 2022లో ‘ఆర్ ఆర్ ఆర్’ సినిమా వాళ్లను కలిపింది. ఆ దోస్తీని చూసి విదేశీ ప్రేక్షకులు కొందరు ఇది ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ అన్నరు. శబ్ద కళాకారుడు రసూల్ పూకుట్టి అదే మాట అంటే ఇక్కడ కొందరు తిట్లకు దిగిండ్రు. వీరులకు అవమానమట!

ఏం అవమానం? మగవాళ్ల కలయికను నేరం చేసింది 1860 నాటి తెల్లదొరల శిక్షాస్మృతి, 377వ సెక్షన్. వయసొచ్చినవాళ్ల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తేల్చింది. తెల్లదొరను తన్నే సినిమాకు ఈలలు వేసి, తెల్లదొర చట్టాన్ని మనసుల దాచుకుంటే ఎట్ల? అంటరానోళ్లని ఛీ కొట్టించుకున్న మనం ఇంకొకర్ని ఛీ అనగలమా?

మా పేచీ వేరే. సినిమాల దెబ్బతిన్న రామ్‌ను భీం భుజాల మీద మోస్తడు. రామ్ విల్లు పట్టి పురాణ రాముడైతడు. భీం మాత్రం ఆఖరికి మాకు చదువు చెప్పమని అడుగుతడు. జల్, జంగల్, జమీన్ అన్న గోండు వీరుడు శిష్యుడాయె! భద్రాచలం అడవి అంచున పోడు భూమి కోసం కొట్లాడే కోయలకు ఇది కొత్త గాదు. మోసేది ఒకరు, మొక్కులు ఇంకొకరికి.

కథలు అల్లేటోళ్లారా! ఇద్దరు మగవాళ్ల ప్రేమను దాపరికం లేకుండా రాయండి. కాని ఇద్దర్నీ సమానంగ నిలబెట్టండి. సమానత్వం లేని చోట అది ప్రేమ కాదు, వెట్టి.