కోలారు గని మూసినాక మిగిలిందేమి?

బంగారం రేటు పెరిగినప్పుడల్లా ‘కోలారు గనులు మళ్లీ తెరుస్తారంట’ అనే మాట ఫోన్లలో తిరుగుతాది. సంబరపడే ముందు మన కుప్పం పక్క పిల్లోళ్లు ఒక లెక్క చూసుకోవాల.

కోలారు రాయి వయసు సుమారు 270 కోట్ల ఏండ్లు. నల్లరాతి పగుళ్లలోకి వేడినీళ్లు ఎక్కి, తెల్ల పలుగురాయితో పాటు బంగారాన్ని వదిలిపోయినాయి. ఆ పలుగుచారను పట్టుకొని 1880 నుంచి తెల్లదొరల కంపెనీ తవ్వింది. 1956లో గనులు సర్కారు చేతికొచ్చినాయి. మూడు కిలోమీటర్ల పైన లోతుకు దిగినారు. దిగేకొద్దీ వేడి ఎక్కువ, బండ పగిలి మీదపడే భయం ఎక్కువ, బంగారం తక్కువ. 120 ఏండ్లలో 800 టన్నులు తీసి, 2001 ఫిబ్రవరి 28న మూసేసినారు. సైనైడుతో కడిగిన మట్టి మాత్రం 3 కోట్ల టన్నుల పైనే దిబ్బలుగా ఉండాది. గాలి లేస్తే ఆ దుమ్ము ఇండ్లలోకే.

ఆ రాతిపట్టీ రాష్ట్రం హద్దుకాడ ఆగదు. మన గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం గనులు దాని మీదివే. అవీ అప్పుడే మూతపడినాయి. రేపు తెరుస్తామని వస్తే ‘ఉద్యోగాలెన్ని?’ అని అడిగి ఊరుకోవద్దు. దిబ్బ ఎవురు చూసుకోవాల? బోరునీళ్లకు ఎవురు పూచీ? గని మూసివేత ప్రణాళిక ఇయ్యాలని చట్టంలోనే ఉండాది. నేననేది ఇంతే: తెరిచే కాగితం మీద ఊరు సంతకం పెట్టకముందే, మూసే కాగితం గ్రామసభలో చదివించుకోండి.