జీవశాస్త్రం డిగ్రీకి మేజరు మెలిక

క్రైస్తవ కళాశాలల్లో సీటు కోరే పల్లె విద్యార్థులు ముందే అడగవలసినవి

గుంటూరు: ఇంటర్ బై.పి.సి. పూర్తిచేసిన పల్లె పిల్లల ముందు దారులు చాలానే కనిపిస్తాయి. నడవగలిగినవి కొన్నే. నీట్‌లో ర్యాంకు వస్తే ఎం.బి.బి.ఎస్. రాకపోతే వ్యవసాయ బి.ఎస్‌సి. అదీ అందకపోతే నర్సింగు, ఫార్మసీ. ఇవేవీ దక్కనివారికి, దక్కినా ఫీజు కట్టుకోలేనివారికి మిగిలేది మామూలు బి.ఎస్‌సి. ఈ ప్రాంతంలో ఆ చదువు అనగానే తల్లిదండ్రులు తలచుకునే పేర్లలో క్రైస్తవ కళాశాలలవీ వుంటాయి. తండ్రి, మేనమామ అక్కడే చదివి వుండడం ఒక కారణం. హాస్టలు, క్రమశిక్షణ మరో కారణం.

అయితే తండ్రి చదివిన బి.ఎస్‌సి. వేరు, 2023లో వచ్చిన బి.ఎస్‌సి. వేరు. ఈ తేడా తెలియకుండా చేరితే పిల్లలు మూడేళ్ల తరువాత చిక్కుల్లో పడే ప్రమాదం వున్నది.

పాత బాట

ఈ ప్రాంతంలో క్రైస్తవ విద్యాసంస్థల చరిత్ర పాతది. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చారు. 1883లో డాక్టర్ అన్నా కూగ్లర్ వచ్చి స్త్రీలకు వైద్యం ప్రారంభించారు. 1885లో వెలసిన కళాశాలే నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల. జనం నోట ఏ.సి. కాలేజీ. నందమూరి తారక రామారావు బి.ఏ. పట్టా పుచ్చుకున్నది ఇక్కడే. కృష్ణకు ఆవల విజయవాడలో జెస్యూట్ ఫాదర్లు 1953లో ఆంధ్ర లయోలా కళాశాలను నెలకొల్పారు. ఆడపిల్లల కోసం మారిస్ స్టెల్లా కళాశాల 1962లో వచ్చింది.

క్రైస్తవ కళాశాల అంటే చదువులో మతం కలుస్తుందేమోనని కొందరు తల్లిదండ్రులు శంకిస్తారు. ఆ భయం అక్కరలేదు. ప్రభుత్వ గుర్తింపు, ఎయిడు పొందే సంస్థలో మతబోధకు హాజరు కావాలని ఎవరినీ నిర్బంధించరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నది. డార్విన్ చెప్పిన జీవపరిణామం పాఠం ఇతర కళాశాలల్లో మాదిరే ఇక్కడా వుంటుంది. విద్యార్థి తేల్చుకోవలసిన చిక్కు మతానిది కాదు, మేజరుది.

ముక్కాలిపీట విడిపోయింది

ఏళ్ల తరబడి జీవశాస్త్రం డిగ్రీ అంటే బి.జెడ్.సి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం మూడూ సమానంగా చదివేవారు. ముక్కాలిపీటలా ఒకదానికొకటి ఆధారంగా వుండేవి. 2015లో సెమిస్టర్లతో కూడిన కొత్త పద్ధతి వచ్చింది. 2020లో మరోసారి మార్చి నైపుణ్య కోర్సులు, ఇంటర్న్‌షిప్ చేర్చారు. 2023-24 విద్యాసంవత్సరంలో రాష్ట్ర ఉన్నత విద్యామండలి జాతీయ విద్యావిధానం పేరిట ఒకే మేజరు పద్ధతి తెచ్చింది. ఎనిమిదేళ్లలో ఇది మూడో మార్పు.

2023-24లో తెచ్చిన ఆ పద్ధతిలో విద్యార్థి ఒక సబ్జెక్టును మేజరుగా ఎంచుకోవలసివచ్చింది. మరొకటి మైనరుగా తీసుకోవలసివచ్చింది. మూడేళ్లకు డిగ్రీ, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. ఒక శాస్త్రాన్ని లోతుగా చదవవచ్చునన్నది దీని వెనుక వున్న వాదం. పి.జి., పరిశోధన వైపు వెళ్లదలచినవారికి అది మేలే. అయితే డిగ్రీతోనే ఉద్యోగం చూసుకోక తప్పని పల్లె విద్యార్థి సంగతి వేరు. పదిహేడేళ్ల వయసులో, గడప దగ్గరే, మూడింటిలో ఒకదాన్ని పట్టుకుని తక్కినవాటిని వదులుకోవలసివచ్చింది. విచిత్రమేమంటే 2025-26లో ఇంటర్మీడియట్ బోర్డు వృక్ష, జంతు శాస్త్రాలను కలిపి జీవశాస్త్రంగా ఒకే పేపరు చేసింది. కింది తరగతిలో కలిపినదాన్ని పై తరగతిలో విడదీసినట్లయింది.

చేను మేజరు ఎరగదు

జీవశాస్త్రాలు విడివిడిగా బతకవని రైతుకు వేరే చెప్పనక్కరలేదు. 2021-22లో మిరప చేలపై నల్ల తామర పురుగు విరుచుకుపడింది. పూతలో చేరి రసం పీల్చింది. పూత రాలిపోయింది. రైతులు మందు మీద మందు కొట్టారు. పురుగు లొంగలేదు, అప్పు మిగిలింది. ఆ పురుగు ఏ జాతిదో గుర్తించడం జంతుశాస్త్రం పని. పూత ఎందుకు రాలుతుందో చెప్పడం వృక్షశాస్త్రం పని. ఏ మందు ఎంత కొట్టాలి, కొట్టిన మందు కాయలో ఎంత మిగులుతుంది అన్నది రసాయనశాస్త్రం లెక్క. నీలిరంగు జిగురు అట్టలు పెట్టుకోండని వూళ్లో ఒక చదువుకున్న కుర్రవాడు చెప్పగలగాలంటే మూడింటిలోనూ కొంత ప్రవేశం వుండాలి.

తీరంలో రొయ్యల చెరువులదీ ఇదే కథ. తెల్లమచ్చ వైరసు సోకిందో లేదో తేల్చాలన్నా, నీటిలో ఉప్పదనం, ఆమ్లజని చూడాలన్నా ఒక్క శాస్త్రం చాలదు. హైస్కూలులో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు సైతం మొక్కనూ చెప్పాలి, జంతువునూ చెప్పాలి.

కళాశాలలకూ ఇబ్బందే

ఈ మార్పు కళాశాలలను మరో విధంగా దెబ్బతీస్తుంది. ఒక కళాశాలలో బి.జెడ్.సి.కి నలభైమంది చేరేవారనుకుందాం. ఆ నలభైమందే మూడు శాఖలనూ నిలబెట్టేవారు. మేజరు పద్ధతిలో వారు మూడు శాఖలకు పంచుకుపోతారు. ఎక్కువమంది ఒకవైపు మొగ్గితే తక్కిన శాఖలో పదిమంది కూడా మిగలరు. పిల్లలు లేని శాఖకు అధ్యాపకుడెందుకన్న ప్రశ్న వస్తుంది. అధ్యాపకుడు లేకపోతే మరుసటి ఏడు ఆ పదిమందీ చేరరు.

ఎయిడెడ్ కళాశాలల్లో అధ్యాపకుల కొరత అంతకుముందే వున్నది. రిటైరైనవారి స్థానంలో ఏళ్ల తరబడి కొత్త నియామకాలు జరగలేదు. 2021లో ప్రభుత్వం సంస్థలనుగానీ, ఎయిడెడ్ సిబ్బందినిగానీ అప్పగించమని యాజమాన్యాలను కోరడంతో రాష్ట్రమంతటా అలజడి చెలరేగింది. ఆ ఏడు నవంబరులో అంగీకారం వెనక్కి తీసుకునే వీలు కల్పించారు. ఎయిడెడ్ పోస్టు పోయినచోట అధ్యాపకుని జీతం యాజమాన్యమే ఇచ్చుకోవాలి. ఆ భారం చివరకు ఫీజు రూపంలో చేరేది విద్యార్థి ఇంటికే.

ప్రయోగశాల పని కూడా మారింది. కప్పను కోసి చూపడం ఒకప్పుడు జంతుశాస్త్రానికి గుర్తు. 2011లో యు.జి.సి. దాన్ని తగ్గించమంది, 2014లో పూర్తిగా మానమంది. ఇది మంచి నిర్ణయమే. అయితే కప్ప స్థానంలో నమూనాలు, కంప్యూటర్లు, మంచి సూక్ష్మదర్శినులు రావాలి. అవి రాకపోతే ప్రాక్టికల్ రికార్డులో బొమ్మలు గీయడంతోనే సరిపెట్టుకోవలసివస్తుంది.

చేరేముందు అడగవలసినవి

పేరు చూసి దరఖాస్తు పెట్టడం ఇక చాలదు. తల్లిదండ్రులు ఒకసారి కళాశాలకు స్వయంగా వెళ్లడం మంచిది. నిబంధనలు మారుతూ వుంటాయి గనుక ఈ ఏటి నోటిఫికేషను ప్రకారం మేజర్లు, మైనర్లు ఏవో మొదట అడగాలి. జంతుశాస్త్రం మేజరుగా తీసుకుంటే వృక్షశాస్త్రం మైనరుగా ఇస్తారా? చాలినంతమంది చేరకపోతే ఆ మేజరు వుంటుందా, పిల్లవాణ్ణి వేరేదానికి మారుస్తారా? ఆ శాఖలో రెగ్యులర్ అధ్యాపకులెందరు? సీటు ఎయిడెడ్‌దా, సొంత ఫీజుదా? ఫీజు రీయింబర్స్‌మెంటు పోగా చేతినుంచి కట్టవలసినదెంత? ఇంటర్న్‌షిప్‌కు ఎక్కడికి పంపుతారు? ల్యాబు చూపించమని అడగడంలో తప్పులేదు. ఉపాధ్యాయ వృత్తి కోరేవారు బి.ఇడి., డి.ఎస్‌సి. నోటిఫికేషన్లలో ఏ సబ్జెక్టులు అడిగారో మేజరు ఎంచుకోకముందే చూసుకోవాలి.

కళాశాలలు చేయవలసినదీ వున్నది. వృక్ష, జంతు శాస్త్రాలను మేజరు-మైనరు జంటగా ఇవ్వడం, పక్కపక్క కళాశాలలు అధ్యాపకులను, ల్యాబులను పంచుకోవడం, పిల్లలను మిరప చేలకు, రొయ్యల చెరువులకు, గుంటూరు పక్కనే వున్న లాం వ్యవసాయ పరిశోధన స్థానానికి తీసుకువెళ్లడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

ఎం.బి.బి.ఎస్. సీటు కొందరికే దక్కుతుంది. దక్కని పిల్లలకు విజ్ఞానశాస్త్రం చదువుకునే వీలు కల్పించినది బి.ఎస్‌సి. ఆ శాఖలు ఒక్కొక్కటే మూతపడితే పట్నంలో వున్నవారు వేరే కోర్సు చూసుకుంటారు. ఆ ద్వారం మూసుకుపోయేది పల్లె పిల్లలకే.