నర్సింగ్ చదువు: ముందు కూర్చుని లెక్క చూసుకుందాం

"అమెరికాలో నర్సింగ్‌ను ఇక ప్రొఫెషన్‌గా గుర్తించరట" అన్న మాట 2025 నవంబరు నుంచి ఫోన్లలో తిరుగుతోంది. అక్కడి తెలుగు సంఘాల్లో నర్సులుగా పనిచేస్తున్న సహోదరీలు, సహోదరులు చాలామంది ఉన్నారు. హైస్కూలు ముగించబోతూ నర్సింగ్ వైపు చూస్తున్న పిల్లలూ ఉన్నారు. ఇలాంటి మాట వింటే తల్లిదండ్రులు కలవరపడటం సహజం. అందుకే ఇందులో నిజమెంతో ముందు చూద్దాం.

2025 జూలై 4న అమలులోకి వచ్చిన కొత్త చట్టం పై చదువులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పుకు హద్దు పెట్టింది. 2026 జూలై 1 తర్వాత కొత్తగా అప్పు తీసుకునేవారిలో మెడిసిన్, లా వంటి 'ప్రొఫెషనల్' కోర్సుల వారికి ఏడాదికి 50,000, మొత్తం మీద 2 లక్షల డాలర్ల వరకు ఇస్తారు. మిగతా పీజీ కోర్సులకు ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్లే. విద్యాశాఖ ముసాయిదా నర్సింగ్ పీజీని ఈ రెండో వరుసలో ఉంచింది. నర్సుల సంస్థలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. జరిగింది ఇంతే. నర్సు లైసెన్సుకు గానీ, ఉద్యోగానికి గానీ, రెండేళ్ల డిగ్రీకి గానీ, నాలుగేళ్ల డిగ్రీకి గానీ దీనితో సంబంధం లేదు.

అయినా ఈ వార్త మన ముందు ఒక మంచి ప్రశ్న పెట్టింది. రేపు నర్స్ ప్రాక్టీషనర్ కావాలనుకునే పిల్లకు పై చదువుకు దొరికే అప్పు తగ్గుతుందంటే, మొదటి డిగ్రీకే మనం ఎంత అప్పు మోయాలి?

లైసెన్సు ఒక్కటే, దారులు రెండు

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు, అంటే ఆర్‌ఎన్, కావడానికి ప్రధానంగా రెండు దారులు. ఒకటి, యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎస్‌ఎన్. రెండోది, కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీ, ఏడీఎన్. దీన్ని రెండేళ్ల డిగ్రీ అంటారు గానీ, అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ లాంటి సబ్జెక్టులు ముందే పూర్తిచేయాలి కాబట్టి చాలామందికి మూడేళ్లు పడుతుంది. చివర్లో ఇద్దరూ రాసేది ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ అనే ఒకే పరీక్ష. ఇద్దరికీ వచ్చేది ఒకే లైసెన్సు.

ఫీజులో మాత్రం తేడా పెద్దది. కాలేజ్ బోర్డు లెక్కల ప్రకారం 2024-25లో స్థానిక విద్యార్థికి కమ్యూనిటీ కాలేజీ సగటు ఫీజు ఏడాదికి 4,050 డాలర్లు. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలో 11,610 డాలర్లు. లాభాపేక్ష లేని ప్రైవేటు కాలేజీలో 43,350 డాలర్లు. ఇది ట్యూషన్, ఫీజులు మాత్రమే. పుస్తకాలు, యూనిఫాం, క్లినికల్స్‌కు వెళ్లిరావడానికి కారు ఖర్చు అదనం. ఇంట్లో ఉండి చదివితే గది అద్దె, భోజనం ఖర్చు మిగులుతుంది. తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు వచ్చే పెల్ గ్రాంటు ఆ ఏడాది గరిష్ఠంగా 7,395 డాలర్లు. అంటే అర్హత పూర్తిగా ఉన్నవారికి కమ్యూనిటీ కాలేజీ ఫీజు పోగా ఇంకా మిగులుతుంది.

ఇక ఆదాయం. అమెరికా కార్మిక గణాంకాల శాఖ ప్రకారం 2024 మేలో ఆర్‌ఎన్‌ల మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు. సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ అని దీని అర్థం. ఇందులో ఇరవై ఏళ్ల అనుభవమున్నవారూ ఉన్నారు. కొత్తగా చేరేవారికి ఇంత రాదు. కాలిఫోర్నియాలో లక్ష దాటే జీతం అలబామా, మిసిసిపీలలో చాలా తక్కువకు దిగుతుంది. కనుక దేశమంతటి అంకెను చూసి అప్పు చేయకండి. మీ ఊరి ఆసుపత్రి కొత్త నర్సుకు గంటకు ఎంత ఇస్తోందో కనుక్కోండి.

అప్పును మొత్తంగా చూస్తే మనసుకు అందదు, నెలవారీ వాయిదాగా చూడండి. 2025-26లో డిగ్రీ విద్యార్థి తీసుకునే ఫెడరల్ అప్పుకు వడ్డీ 6.39 శాతం. పదేళ్లలో తీర్చాలంటే ప్రతి 10,000 డాలర్లకు నెలకు సుమారు 113 డాలర్లు కట్టాలి. 10,000 అప్పుతో బయటికొచ్చిన నర్సుకు అది పెద్ద బరువు కాదు. 80,000 అప్పుతో వచ్చిన నర్సు, ఇదే వడ్డీ అయినా, నెలకు 900 డాలర్ల పైనే కట్టాలి. పైగా డిగ్రీ విద్యార్థికి ఫెడరల్ అప్పు అంత దొరకదు. మిగిలినది పేరెంట్ ప్లస్ రూపంలో తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది, లేదా ప్రైవేటు అప్పవుతుంది. పేరెంట్ ప్లస్‌కు 2025-26లో వడ్డీ 8.94 శాతం. రిటైర్మెంట్‌కు దగ్గరపడిన తండ్రి ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక రాత్రి ఆలోచించుకోవడం మంచిది.

లెక్కకు రెండో వైపు

కమ్యూనిటీ కాలేజీయే అందరికీ సరైనదని చెప్పడం లేదు. చాలాచోట్ల ఏడీఎన్ సీట్లు తక్కువ. కొన్ని కాలేజీల్లో వెయిటింగ్ లిస్టు ఉంటుంది, కొన్నిచోట్ల లాటరీ తీస్తారు. రెండేళ్లు ఎదురుచూస్తే ఆ రెండేళ్ల నర్సు జీతం పోయినట్టే, ఫీజులో మిగిలినదంతా అక్కడే ఖర్చయినట్టే. పెద్ద నగరాల్లోని పేరున్న ఆసుపత్రులు బీఎస్‌ఎన్ ఉన్నవారినే ముందు తీసుకుంటాయి. న్యూయార్క్ రాష్ట్రంలో 2017 నాటి చట్టం ప్రకారం కొత్త ఆర్‌ఎన్ పదేళ్లలోపు బీఎస్‌ఎన్ పూర్తిచేయాలి. మంచి స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లకు, పీజీ చేయాలని ముందే నిశ్చయించుకున్న పిల్లకు యూనివర్సిటీయే దగ్గరి దారి కావచ్చు.

అయితే ఏడీఎన్ తర్వాత ఉద్యోగం చేస్తూనే ఆన్‌లైన్‌లో బీఎస్‌ఎన్ చేయవచ్చు. చాలా ఆసుపత్రులు అందుకు ఫీజు సాయం ఇస్తాయి. యజమాని ఇచ్చే అలాంటి సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఆదాయపు పన్ను ఉండదు. కాలేజీకి మంచి అక్రెడిటేషన్ లేకపోతే ఈ రెండో మెట్టు ఎక్కడం కష్టమవుతుంది. చేరేముందే అది అడగాలి.

ఏ సగటు అంకెలోనూ కనబడనివారు మరికొందరున్నారు. వారు మధ్యలో చదువు ఆపేసినవారు. ప్రభుత్వ వెబ్‌సైటు కాలేజ్ స్కోర్‌కార్డ్ ఒక్కో కోర్సుకు జీతాలు, అప్పులు చూపిస్తుంది. అది చాలా ఉపయోగమే. కానీ ఆ అంకెలు ఫెడరల్ సాయం తీసుకుని, కోర్సు పూర్తిచేసినవారివి. రెండో సెమిస్టరులో తప్పి ఇంటికొచ్చిన పిల్లకు అప్పు ఉంది, లైసెన్సు లేదు. లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురానికి పునాది వేసి ముగించలేకపోయిన మనిషి గుర్తొస్తాడు. అందుకే "ఫీజెంత?" అని అడిగి ఊరుకోకండి. చేరినవారిలో ఎంతమంది పూర్తిచేశారు, ఎన్‌క్లెక్స్‌లో మొదటిసారే ఎంతమంది నెగ్గారు అని కూడా అడగండి. ఎన్‌క్లెక్స్ ఫలితాలను రాష్ట్ర నర్సింగ్ బోర్డులు కాలేజీల వారీగా ప్రచురిస్తాయి.

అడ్డదారి చూపేవారిని దూరం పెట్టండి. 2023 జనవరిలో ఫ్లోరిడాలోని మూడు నర్సింగ్ స్కూళ్లు 7,600కు పైగా నకిలీ డిప్లొమాలు అమ్మాయని అమెరికా న్యాయశాఖ వెల్లడించింది.

మన కుటుంబాలు గమనించవలసినవి

హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు పెల్ గ్రాంటు గానీ ఫెడరల్ అప్పు గానీ రాదు. గ్రీన్ కార్డు ఉంటే ఆ అర్హత ఉంటుంది. 21 ఏళ్లు నిండితే హెచ్-4 హోదా పోతుంది. స్టూడెంట్ వీసాకు మారితే ఫీజు పెరగవచ్చు, చదువయ్యాక నర్సు ఉద్యోగానికి హెచ్-1బీ దొరకడం కూడా సులువు కాదు. ఇలాంటి కుటుంబాలు కాలేజీ కంటే ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవాలి.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసినవారు అమెరికా వెళ్లి మళ్లీ మొదటినుంచి చదవనక్కరలేదు. రాష్ట్ర బోర్డు చెప్పినట్టు సర్టిఫికెట్లు పరిశీలన చేయించుకుని ఎన్‌క్లెక్స్ రాయవచ్చు. దానికి పరీక్షా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. కొన్ని రాష్ట్రాలు ఒకటి రెండు సబ్జెక్టులు అదనంగా అడగవచ్చు. ఈ సంగతి చెప్పకుండా కొత్త కోర్సు అంటగట్టే ఏజెంటు మాట నమ్మకండి.

ఇక పరువు మాట. "మా అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో చదువుతోంది" అని నలుగురిలో చెప్పుకోవడానికి మనలో కొందరికి నోరు రాదు. పక్కింటి పిల్ల ఏ యూనివర్సిటీలో ఉందో చూసి మన పిల్లకు కాలేజీ ఎంచుతాం. కానీ వార్డులో రాత్రి రెండు గంటలకు రోగి పక్కన నిలబడిన నర్సును ఏ కాలేజీలో చదివావని ఎవరూ అడగరు. వాయిదా మాత్రం ప్రతి నెలా అడుగుతుంది.

అప్పు గురించి ఇంతగా చెప్పడానికి ఒక కారణముంది. సామెతల గ్రంథం అప్పు చేసినవాణ్ని దాసుడితో పోల్చింది. తలకు మించిన అప్పున్న నర్సు ఎక్కువ జీతమిచ్చే చోటికే వెళ్లాలి, అలసినా ఓవర్‌టైం ఒప్పుకోవాలి. అప్పు తక్కువున్న నర్సు పల్లెటూరి ఆసుపత్రికి వెళ్లగలదు, బీదల క్లినిక్‌లో ఒకరోజు ఉచితంగా పనిచేయగలదు, ముసలి తల్లిని చూసుకోవడానికి గంటలు తగ్గించుకోగలదు. సేవ చేయాలన్న పిలుపు విని ఈ చదువులోకి వచ్చే పిల్లలకు ఆ స్వేచ్ఛ మిగల్చడం పెద్దలుగా మన బాధ్యత.

సంఘం కూడా చేయగలిగినది చేయాలి. క్లినికల్స్ తెల్లవారకముందే మొదలవుతాయి. పసిబిడ్డ ఉన్న తల్లికి ఆ గంటల్లో బిడ్డను చూసుకునే మనిషి దొరికితే ఆమె చదువు ఆగదు. కారు లేని విద్యార్థిని దింపివచ్చే సహోదరుడు, ఫార్మకాలజీ అర్థం కానివారికి శనివారం రెండు గంటలు చెప్పే సీనియర్ నర్సు మన మధ్యే ఉన్నారు. మొదలుపెట్టినవారు ముగించేలా చూస్తే, అది స్కాలర్‌షిప్‌కు తక్కువేమీ కాదు.

కనుక ఈ వారం పిల్లలతో కూర్చోండి. మొత్తం ఖర్చు, నెలవారీ వాయిదా, మీ ఊరి మొదటి జీతం, పూర్తిచేసినవారి శాతం, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాయండి. ప్రార్థించండి, లెక్కా చూడండి.