శుభ్రపఱచుటలోని తొందర

బెంగుళూరి మారతహళ్ళి వంతెనకు ఇరుప్రక్కలనున్న సందులలో, ఉద్యోగాన్వేషణకై మన జిల్లాలనుండి వచ్చి పీజీ హాస్టళ్ళలో దిగిన యువజనులకు రెజ్యూమెలును ఆధార్ నకళ్ళును తీసియిచ్చు చిన్న జిరాక్సు దుకాణములు పెక్కు కలవు. అట్టి దుకాణమందలి ఇంకుట్యాంకు ప్రింటరు అక్షరముల నడుమ తెల్లచారలు విడువనారంభించిన దినమున, గిరాకీ నిలిచియుండగా మెకానిక్కుకై వేచియుండలేక, యజమాని తానే స్క్రూడ్రైవరు చేబట్టుట సహజము. తన యంత్రమును తాను బాగుచేసికొనుట అతని హక్కేయని నేను నమ్ముదును; అయినను ఈ యంత్రములు అరుగుదలచేతకంటె ఆదరాబాదరాగా చేసిన శుభ్రతచేతనే ఎక్కువగా చెడుచున్నవని నా నిశ్చితాభిప్రాయము.

మొదట ప్రింటరును దాని మీటతోనే ఆపవలయును. అట్లాపినపుడు సిరా చిమ్ము హెడ్డు తనంతట తాను ఒక ప్రక్కకు జరిగి రబ్బరు మూతపై నిలుచును. నడుచుచుండగా గోడ స్విచ్చు ఆపినచో హెడ్డు నడిదారిని చిక్కుకొని, తలవెండ్రుకకంటె సన్నని దాని రంధ్రములలో సిరా ఎండిపోవును. పిమ్మట ప్లగ్గు తీయవలయును. తీసినను పవర్ సప్లయి పెట్టెలోని కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచియుండును గనుక దానిని విప్పరాదు.

లోపల హెడ్డు దారి పొడవునను పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్కు పట్టీ యొకటి బిగించియుండును. దానిపై కంటికానని గీతలు కలవు. హెడ్డుతో కదలు సెన్సారు ఆ గీతలను లెక్కించుకొనుచునే తానెచ్చటనున్నదో గ్రహించును. జిడ్డువేలు సోకి ఆ లెక్క తప్పెనా, హెడ్డు ప్రక్కగోడకు ఢీకొనవచ్చును, అక్షరములు అలుకుకొనిపోవచ్చును. క్రొత్త హెడ్డు కొని బిగించినను ఆ దోషము తీరదు. మెత్తని నూలుగుడ్డను కొంచెము తడిపి పట్టీని తేలికగా తుడువవలెనేగాని స్పిరిటు వాడరాదు, కొన్నిటియందు గీతలే చెరగిపోవును. హెడ్డు జరుగు మెరయు కడ్డీమీది గ్రీజును మురికియని తుడిచి కుట్టుమిషను నూనె రాయువారు కలరు; అదియును తగదు.

పట్టీని తుడుచు గుడ్డను గాని హెడ్డును గాని తడుపుటకు కుళాయినీరు పనికిరాదు. ఈ ప్రాంతమున ట్యాంకరు నీటినో బోరునీటినో నమ్ముకొనిన ఇండ్లు అనేకము; ఆ నీటిలోని లవణములు హెడ్డు రంధ్రములలో గట్టిపడును. బ్యాటరీలలో పోయుటకై అమ్ము డిస్టిల్డు వాటరు చాలును.

హెడ్ క్లీనింగు మాటిమాటికి నడుపుటయు హానికరమే. ప్రతిసారియు సిరా కొంత అడుగునున్న స్పాంజికి చేరును; అది నిండెనని కౌంటరు లెక్కగట్టగానే యంత్రము పని మానును. స్పాంజి మార్చక కౌంటరు మాత్రము సున్నచేయించినచో సిరా పొంగి బల్లమీదికి కారును. కొన్ని మోడళ్ళలో ఈ స్పాంజి పెట్టెను కొనినవాడే మార్చుకొనవచ్చును. చవుక యంత్రములనేకములలో ఆ వెసులుబాటు లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కునకై 2022 డిసెంబరులో పోర్టలు తెఱచిన పిమ్మటనైనను, ఆ స్పాంజి వెల యెంత, ఎచ్చట దొరకును, ఎట్లు మార్చవలెను అను సంగతులను తెలుగు, కన్నడములలో అచ్చువేసి యంత్రముతోపాటే ఇచ్చుట తయారీ సంస్థలకు భారము కానేరదు.