నినాదమూ, గునపమూ

మా దమ్మాయిగూడలో గాలి జవహర్‌నగర్ వైపు నుంచి తిరిగిందంటే ఇంటిల్లిపాదీ లేచి కిటికీలు మూసుకోవలసిందే. నగరం చెత్తంతా అక్కడికే చేరుతుంది మరి. 2024 అక్టోబరులో అలా కిటికీలు మూసిన ఒక సాయంకాలం మా ఇంట్లో చిన్న కురుక్షేత్రం జరిగింది.

మా అమ్మాయి అట్టముక్క మీద “దామగుండం అడవిని కాపాడండి” అని రాసుకుంటున్నది. వికారాబాద్ జిల్లాలోని ఆ అడవిలో 2,900 ఎకరాలు తీసుకుని నౌకాదళంవారు రేడియో సమాచార కేంద్రం కట్టబోతున్నారు.

పక్కింటి సుబేదారుగారు పెన్షను పుచ్చుకుంటున్న పెద్దమనిషి. అట్ట చూసి నవ్వారు.

“ఈ కేకలెందుకమ్మా? మిలిటరీతో చెయ్యి కలపండి. చెట్లు పెంచే పటాలమే ఉంది మాకు!” అన్నారు.

ఆయన మాట అబద్ధం కాదు. 1982లో డెహ్రాడూన్‌లో టెరిటోరియల్ ఆర్మీ కింద పర్యావరణ పటాలం పుట్టింది. సున్నపురాయి కోసం తొలిచి బోడిచేసిన ముస్సోరీ కొండల మీద మాజీ సైనికులు గోతులు తవ్వి, మొక్కలు నాటి, కాపలా కాసి పచ్చదనం తెచ్చారు. తరువాత రాజస్థాన్ ఎడారిలోనూ అలాంటి పటాలమే పనిచేసింది.

“విన్నావా?” అన్నాను అమ్మాయితో. నిజం చెప్పొద్దూ, పిల్ల పోలీసుల మధ్య నిలబడుతుందనే భయం నాది. సుబేదారుగారి మాట దానికి మంచి సాకుగా దొరికింది.

“మరి ఆ గనులు మూయించిందెవరు నాన్నా?” అన్నది.

నా నోరు మూతపడింది. మూయించింది సైనికులు కారు. డూన్ లోయ ప్రజలు 1983లో సుప్రీంకోర్టుకు మొరపెట్టుకున్నారు. 1985లో కోర్టు చాలా గనులను మూయించింది. మిగిలిన ఒక గని దారికి 1986లో పల్లె స్త్రీలు అడ్డంగా కూర్చున్నారు. తొలిచేవాణ్ణి ఆపితేనే గదా నాటేవాడికి పని!

“సరేనమ్మా, నాటిన మొక్కకు నీళ్లెవరు పోస్తారు? నీ నినాదం పోస్తుందా?” అన్నారు సుబేదారుగారు. అదీ నిజమే.

కాని దామగుండంలో చిక్కు వేరు. అక్కడ అడవి తీసుకునేదే సైన్యం. బోడికొండను పచ్చగా చెయ్యడం ఒకటి. నిలిచిన అడవిని తీసి, బదులుగా మరోచోట మొక్కలు పెడతామనడం మరొకటి. మన ఉప్పల్ పక్కగా పారే మూసీ పుట్టేది ఆ ప్రాంతపు అనంతగిరి కొండల్లోనే. దేశరక్షణ వద్దనేవాళ్లెవరూ లేరు. ఎక్కడ కట్టాలన్నదే ప్రశ్న. చెయ్యి కలిపినవాడు ఆ ప్రశ్న అడగలేడా? అడగవచ్చు. అడగకూడదనే షరతు మీద కలిపితే మాత్రం అది స్నేహం కాదు, కొలువు.

మర్నాడు అమ్మాయి వెళ్లింది. అట్టకు కర్ర వదులుగా ఉందని మేకులు కొట్టి ఇచ్చింది సుబేదారుగారే. “వానాకాలంలో గునపం పట్టుకుని నాతో రావాలి” అని మాట కూడా తీసుకున్నారు.

ఆ నెల 15వ తేదీన రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. వానాకాలంలో మా అమ్మాయీ, సుబేదారుగారూ వీధిలో ఆరు వేపమొక్కలు నాటారు. నాలుగు బతికాయి.

కిటికీలు మాత్రం ఇంకా మూసుకుంటూనే ఉన్నాం.