చూపని సాక్ష్యం

హింసించి రాబట్టిన మాట ఏ దేశం నుంచి వచ్చినా బ్రిటన్ న్యాయస్థానాల్లో సాక్ష్యంగా చెల్లదని అక్కడి ప్రభువుల సభకు చెందిన ఏడుగురు న్యాయమూర్తులు 2005 డిసెంబరు 8న ముక్తకంఠంతో ప్రకటించారు. 2001 నాటి ఉగ్రవాద వ్యతిరేక చట్టం కింద విచారణ లేకుండా నిర్బంధానికి గురైన విదేశీయుల అప్పీలుపై వెలువడిన ఆ తీర్పును మేము గౌరవిస్తాం.

అయితే అందులోనే ఒక లొసుగు మిగిలింది. హింస జరిగిందని తేలాలా, జరిగి ఉండే అవకాశం ఉంటే చాలా? తేలితేనే ఆ మాటను తోసిపుచ్చాలని నలుగురు, అవకాశం ఉన్నా తోసిపుచ్చాలని ముగ్గురు అన్నారు. నలుగురి మాటే నెగ్గింది. పరదేశపు చెరసాల గోడల మధ్య జరిగినదాన్ని తేల్చేదెవరు? రహస్యమని ముద్ర వేసిన సాక్ష్యాన్ని నిర్బంధితునికి చూపరు. అతని పక్షాన నియమితుడైన ప్రత్యేక న్యాయవాది దాన్ని చూశాక, అనుమతి లేనిదే అతనితో దాని గురించి మాట్లాడరాదు. 2013 చట్టం ఈ పద్ధతిని సివిల్ దావాలకూ విస్తరించింది.

మనకిది పరాయి గాథ కాదు. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం చెల్లదని బ్రిటిషువారే 1872లో ఇక్కడ చట్టం చేశారు. 1987లో టాడా ఆ రక్షణకు గండి కొట్టింది.

దోషులను శిక్షించవద్దని మేము అనడం లేదు. మనిషి ఎదుట పెట్టలేని సాక్ష్యంతో అతని స్వేచ్ఛను హరించరాదన్నదే మా నిశ్చితాభిప్రాయం.